ప్యాకెట్ ఫిల్టర్ కార్డులో పెట్టాలా, కెర్నల్‌లో పెట్టాలా?

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల కేబుల్ టీవీ నుంచి ఫైబర్ ఇంటర్నెట్‌లోకి వచ్చిన చిన్న ఆపరేటర్లలో కొందరు రౌటర్ బాక్సు బదులు ఒక లైనక్స్ సర్వర్ పెట్టుకున్నారు. పీపీపీఓఈ లాగిన్లు (కస్టమర్ పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే పద్ధతి), నాట్ (చాలా ఇళ్లు ఒకే బయటి ఐపీని వాడుకునే ఏర్పాటు), స్పీడ్ లిమిట్లు అన్నీ దాని మీదే. ఖర్చు తక్కువ, పట్టు మన చేతిలో ఉంటుంది. చిక్కల్లా సంక్రాంతి సెలవుల్లాంటప్పుడు వస్తుంది. గేముల్లో గొడవపడిన కుర్రాళ్లలో ఒకడు మరొకడి ఐపీ మీదకి డీడాస్, అంటే ఎన్నో మిషన్ల నుంచి ఒకేసారి ట్రాఫిక్ కుమ్మరించే దాడి, చేయిస్తాడు. ఆ ఒక్క కస్టమర్‌కి వచ్చే చెత్త యూడీపీ ప్యాకెట్లతో సర్వర్‌లో ఒక కోర్ నిండిపోతుంది. అదే కోర్ మీద ఆధారపడ్డ మిగతా ఇళ్లకి వీడియో ఆగిపోతుంది, ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంటుంది.

నెట్‌వర్క్ కార్డులోనే ఫిల్టర్ పెట్టేస్తే పోదా అని అప్పుడు అడుగుతారు. కొన్నిసార్లు పోతుంది. అయితే దానికి దారి ఒకటి కాదు. కార్డు సెట్టింగులు మార్చే ఈథ్‌టూల్ కమాండ్‌తో పెట్టే ఎన్‌టపుల్ రూల్స్ ఉన్నాయి, లైనక్స్ ట్రాఫిక్ కంట్రోల్ (టీసీ)లోని ఫ్లవర్ ఉంది, డ్రైవర్‌లోనే చిన్న ప్రోగ్రామ్ నడిపే ఎక్స్‌డీపీ ఉంది, కెర్నల్‌ని, అంటే లైనక్స్ గుండెకాయని, పక్కనపెట్టి కార్డుని నేరుగా నడిపే డీపీడీకే ఉంది. ఎక్కువమంది ఏది ఫాస్ట్ అని చూసి ఎంచుకుంటారు. నా లెక్క వేరు. చిన్న ఐఎస్‌పీకి వేగం ఇందులో ఏదైనా ఇస్తుంది. కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేచాక, లేదా కార్డు దానంతటది రీసెట్ అయ్యాక ఆ రూల్స్‌ని మళ్లీ ఎవరు పెడతారు? పెట్టినవి నిజంగా పనిచేస్తున్నాయని మీకెలా తెలుస్తుంది? ఈ రెండింటికీ జవాబు దొరికే పద్ధతినే తీసుకోండి.

ముందు లైన్ సంగతి తేల్చుకోండి

అప్‌స్ట్రీమ్ లైన్ (మీకు ఇంటర్నెట్ ఇచ్చే పెద్ద కంపెనీ నుంచి వచ్చేది) 1 జీబీపీఎస్, వచ్చే దాడి 3 జీబీపీఎస్ అనుకుందాం. మీ కార్డులో ఏ ఫిల్టర్ పెట్టినా లాభం లేదు, లైన్ అప్పటికే నిండిపోయింది. ధవళేశ్వరం దగ్గర ఆపాల్సిన నీళ్లకి శివారు చేలో గట్టు వేసినట్టు అవుతుంది. దీనికి మందు బీజీపీ (నెట్‌వర్కులు దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) ద్వారా చేసే బ్లాక్‌హోల్. దాడికి గురైన ఆ ఒక్క ఐపీని 65535:666 అనే కమ్యూనిటీతో (ప్రకటనకి తగిలించే గుర్తు) అప్‌స్ట్రీమ్‌కి ప్రకటిస్తే, వాళ్లు ఒప్పుకునే పక్షంలో, ట్రాఫిక్‌ని వాళ్ల దగ్గరే పారేస్తారు. ఈ సంఖ్యని 2016లో ఆర్ఎఫ్‌సీ 7999 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రామాణికం చేసింది. అప్‌స్ట్రీమ్ దీన్ని ఒప్పుకుంటుందో లేదో అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే అడగాలి. దాడి మధ్యలో సపోర్ట్‌కి ఫోన్ చేసి అడిగే ప్రశ్న కాదిది.

కార్డు ఫిల్టర్ పనికొచ్చేది లైన్ నిండకుండానే సర్వర్ చచ్చిపోతున్నప్పుడు. 64 బైట్ల చిన్న ప్యాకెట్లయితే 10 జీబీపీఎస్ లైన్ మీద సెకనుకు 1 కోటి 48 లక్షలు పడతాయి, 1 జీబీపీఎస్ మీద 14 లక్షల 88 వేలు. లైన్‌లో సగం కూడా వాడకుండానే మామూలు ఫైర్‌వాల్ రూల్స్‌ని, కనెక్షన్ ట్రాకింగ్‌ని (నడుస్తున్న కనెక్షన్లని గుర్తుపెట్టుకునే పని) కూలదోయడానికి ఈ చిన్న ప్యాకెట్లు చాలు.

మీ కార్డు ఏం చేయగలదు

పోలిక ఇక్కడే మొదలవ్వాలి. ఎందుకంటే సగం ఎంపికలు కార్డే కొట్టేస్తుంది. ఈథ్‌టూల్‌లో చిన్న 'కె' ఆప్షన్‌తో ఫీచర్ల పట్టిక చూడండి. ఎన్‌టపుల్ ఫిల్టర్స్ ఎదురుగా 'ఆఫ్', పక్కన 'ఫిక్స్‌డ్' అని ఉంటే ఆ కార్డులో, లేదా ఆ డ్రైవర్‌లో, ఆ సౌకర్యమే లేదని అర్థం. మదర్‌బోర్డు మీద వచ్చే రియల్‌టెక్ 8111 రకం పోర్టులు ఈ కోవలోవి. వాటికి ఆర్8169 డ్రైవర్ మీద హార్డ్‌వేర్ ఫిల్టర్ మాట మర్చిపోవచ్చు.

'ఆన్' చేయగలిగినంత మాత్రాన సంబరపడొద్దు. ఇంటెల్ ఐ210కి వాడే ఐజీబీ డ్రైవర్ ఎన్‌టపుల్ రూల్స్ తీసుకుంటుంది. కానీ మ్యాక్ అడ్రస్, ఈథర్‌టైప్ (లోపల ఏ ప్రోటోకాల్ ఉందో చెప్పే సంఖ్య), వీల్యాన్ ప్రాధాన్యం చూసి ప్యాకెట్‌ని ఒక క్యూకి (కార్డు ప్యాకెట్లని కోర్లకి పంచే వరుస) పంపడం వరకే. పారేయమంటే ఒప్పుకోదు. ఐపీ, పోర్ట్ నంబర్ చూడమన్నా ఒప్పుకోదు.

సెకండ్‌హ్యాండ్‌లో తేలిగ్గా దొరికే ఇంటెల్ ఎక్స్520 మీద, అంటే 82599 చిప్ మీద, కొంచెం ఆగుదాం. మా వైపు ఎవరినడిగినా "ఆయ్, పాతదేనండీ, కానీ గట్టిదండీ" అంటారు, అది నిజమే. ఇందులో ఫ్లో డైరెక్టర్ అనే యూనిట్ ఉంది. ఐపీవీ4 చిరునామాలు, పోర్ట్ నంబర్లు చూసి ప్యాకెట్‌ని పారేయగలదు. 'పారేయడం' అంటే దీని డ్రైవర్ ఐఎక్స్‌జీబీఈ ఆ ప్యాకెట్‌ని 127 అనే ప్రత్యేక క్యూకి కేటాయిస్తుంది, అది మెమరీ దాకా రాదు. రూల్స్ దాచే చోటు ప్యాకెట్ బఫర్‌లోంచే కోసి తీసుకుంటుంది. మామూలు కేటాయింపులో సుమారు 2 వేల రూల్స్ పడతాయి. చిన్న ఐఎస్‌పీకి అది ధారాళం.

దీనికి రెండు పరిమితులున్నాయి. మొదటిది, ఎన్‌టపుల్ దారిలో ఈ డ్రైవర్‌కి ఐపీవీ6 రూల్స్ రావు. రెండోది, కార్డు మీది ఒక్కో పోర్ట్ మొత్తానికి ఒకే మాస్క్, అంటే ప్యాకెట్‌లో ఏ ఫీల్డులు చూడాలన్న ఎంపిక. మొదటి రూల్‌లో గమ్యం ఐపీ, మూలం పోర్ట్ చూడమన్నారనుకోండి, ఆ తర్వాతి రూల్స్ అన్నీ సరిగ్గా ఆ రెండింటినే చూడాలి. 'ఈ ఐపీకి ఏదొచ్చినా పారేయి' అని ఇంకో రూల్ పెడితే తిరస్కరిస్తుంది. ఈథ్‌టూల్ పొడిపొడిగా ఒక ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. అసలు కారణం కెర్నల్ లాగ్‌లో ఉంటుంది. మాస్క్ మార్చాలంటే ఉన్న రూల్స్ అన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి.

అలాగని కొత్తది కొంటే అన్నీ తీరిపోతాయా అంటే, ఎక్స్710లో ఇంకో రకం పేచీ. దాని ఐ40ఈ డ్రైవర్‌లో టీసీపీకి, యూడీపీకి, ఇలా ఒక్కో రకానికి ఏ ఫీల్డులు చూడాలో విడిగా నిర్ణయమవుతుంది. అది బాగానే ఉంది. కానీ ఐపీ చిరునామాని పూర్తిగా పోల్చాలి, లేదా అసలు చూడకూడదు. ఒక సబ్‌నెట్ మొత్తాన్ని ఒక రూల్‌తో ఆపలేరు. పాత 82599 ఆ పని చేస్తుంది. కొత్త మోడల్ కాబట్టి పాతది చేసేవన్నీ చేస్తుందనుకోవడం ఈ రంగంలో కుదరదు.

ఎన్‌టపుల్: తక్కువ రూల్స్, పెద్దగా మారనివి

ప్యాకెట్ మెమరీలోకి రాకముందే పోతుంది కాబట్టి సీపీయూ మీద బరువు సున్నా. వాడడం తేలిక. ఒక్కో రూల్‌కి ఒక లొకేషన్ నంబర్ ఉంటుంది. రెండు రూల్స్ ఒకే ప్యాకెట్‌కి వర్తిస్తే చిన్న నంబరుదే చెల్లాలన్నది కెర్నల్ పెట్టిన నియమం. నంబర్లు మీరే ఇవ్వండి, కార్డుకి వదిలేయకండి. రేపు తీసేయాల్సిన రూల్ ఏదో వెతుక్కునే పని తప్పుతుంది.

దీని బలహీనత, ఒక్కో రూల్‌కి ఎన్ని ప్యాకెట్లు తగిలాయో చూపే లెక్క ఇందులో లేదు. ఐఎక్స్‌జీబీఈలో ఫ్లో డైరెక్టర్ మ్యాచ్, మిస్ అని మొత్తం మీద రెండు కౌంటర్లు ఉంటాయి, అంతే. పైగా కార్డు పారేసిన ప్యాకెట్, వచ్చే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్‌లో కనిపించదు. కస్టమర్ "నా సీసీ కెమెరా బయట నుంచి రావట్లేదండీ" అని ఫోన్ చేస్తే, కారణం మీరు మూడు నెలల క్రితం పెట్టి మర్చిపోయిన రూల్ అని చెప్పే ఆనవాలే ఉండదు.

ఇంకో మోసం ఫ్రాగ్మెంట్లు. డీఎన్ఎస్ (సైట్ పేర్లని ఐపీలుగా మార్చే సేవ) దాడిలో పెద్ద జవాబులు ముక్కలై వస్తాయి. మూలం పోర్ట్ 53 అనేది మొదటి ముక్కలోనే ఉంటుంది, తర్వాతి ముక్కల్లో యూడీపీ హెడరే ఉండదు. పోర్ట్ 53 రూల్ మొదటిదాన్ని ఆపి మిగతావాటిని లోపలికి వదిలేస్తుంది. దాడి సగమే తగ్గి, ఆపైన తగ్గట్లేదంటే ముందు దీన్ని అనుమానించండి. అన్నట్టు, మూలం పోర్ట్ 53ని ఊరందరికీ కలిపి ఆపకండి. మీ కస్టమర్లకి రావాల్సిన అసలైన డీఎన్ఎస్ జవాబులు కూడా అదే పోర్ట్ నుంచి వస్తాయి. దాడికి గురైన ఐపీని రూల్‌లో కచ్చితంగా జతచేయాలి. మెమ్‌క్యాష్డ్ అనే సర్వర్ క్యాష్ ప్రోగ్రామ్ వాడే 11211 అయితే అంత మొహమాటం అక్కర్లేదు. 2018లో గిట్‌హబ్ మీద సెకనుకు 1.35 టెరాబిట్ల దాడి జరిగింది దాని ద్వారానే. మీ ఇళ్ల కనెక్షన్లకి బయట నుంచి ఆ పోర్ట్ నుంచి యూడీపీ రావాల్సిన అవసరం మామూలుగా లేదు.

టీసీ ఫ్లవర్: లెక్కలు కావాలనుకునేవాళ్లకి

ఫ్లవర్ 2015లో కెర్నల్ 4.2తో వచ్చింది. హార్డ్‌వేర్‌కి దింపే సౌకర్యం తర్వాత చేరింది. ఎన్‌టపుల్‌తో పోలిస్తే ఇందులో చెప్పగలిగేది చాలా ఎక్కువ. ఐపీవీ6, రెండు పొరల వీల్యాన్, టీసీపీ ఫ్లాగులు, ముక్కలైన ప్యాకెటా కాదా అన్నది, అన్నీ అడగొచ్చు. రూల్స్‌కి ప్రాధాన్యం స్పష్టంగా ఇవ్వొచ్చు. ఒక్కో రూల్‌కి ఎన్ని ప్యాకెట్లు, ఎన్ని బైట్లు తగిలాయో విడిగా చూపిస్తుంది. నా ఓటు దీనికే, కార్డు ఒప్పుకుంటే.

ఒప్పుకోవడమే అసలు సమస్య. 82599 డ్రైవర్ ఫ్లవర్‌ని హార్డ్‌వేర్‌కి దింపలేదు, దానికి యూ32 అనే పాత క్లాసిఫయర్ మాత్రమే తెలుసు. మెలనాక్స్ కనెక్ట్‌ఎక్స్-5 లాంటి కార్డుల మీద ఫ్లవర్ హాయిగా నడుస్తుంది.

ఇక్కడ ఒక ఆప్షన్ ప్రాణాధారం. రూల్‌తో పాటు 'స్కిప్ ఎస్‌డబ్ల్యూ' అని ఇస్తే హార్డ్‌వేర్‌లో మాత్రమే పెట్టమని. కార్డు చేయలేకపోతే అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది. ఏమీ ఇవ్వకపోతే కెర్నల్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, వీలైతే కార్డులో కూడా పెడుతుంది, కాకపోతే నోరెత్తదు. రూల్ పడింది కదా అని మీరు నిశ్చింతగా ఉంటారు, పనంతా సీపీయూ మీదే నడుస్తూ ఉంటుంది. రూల్స్ చూపించమన్నప్పుడు 'ఇన్ హెచ్‌డబ్ల్యూ' అని కనిపిస్తేనే అది కార్డులో ఉన్నట్టు.

ఎక్స్‌డీపీ: రోజూ మారే పెద్ద జాబితాలకి

ఎక్స్‌డీపీలో ప్యాకెట్ కార్డు దాటి మెమరీలోకి వస్తుంది. కానీ కెర్నల్ దాని కోసం ఇంకా ఏ ఏర్పాటూ చేయకముందే, డ్రైవర్‌లోనే మీ చిన్న ప్రోగ్రామ్ నడిచి ఉంచాలా పారేయాలా తేలుస్తుంది. 2016లో కెర్నల్ 4.8తో వచ్చింది. 2018లో ప్రచురించిన ఒక పరిశోధన పత్రంలో మంచి కార్డు మీద ఒకే కోర్‌తో సెకనుకు 2 కోట్ల 40 లక్షల ప్యాకెట్ల దాకా పారేసి చూపించారు. అంత మనకి అక్కర్లేదు. పాత సర్వర్ మీద అందులో పాతిక శాతం వచ్చినా చాలు.

దీని బలం జాబితాలో ఉంది. లక్ష ఐపీలైనా, సబ్‌నెట్లయినా మ్యాప్ అనే పట్టికలో పెట్టొచ్చు. ట్రాఫిక్ నడుస్తుండగానే మార్చొచ్చు. ఏ కౌంటర్ కావాలంటే అది మీరే రాసుకోవచ్చు. కార్డు మారినా ప్రోగ్రామ్ మారదు, డ్రైవర్‌లో నేటివ్ సపోర్ట్ ఉంటే చాలు. ఐఎక్స్‌జీబీఈ, ఐ40ఈ, మెలనాక్స్ కార్డుల ఎంఎల్ఎక్స్5లో ఉంది. లేని డ్రైవర్ మీద జెనరిక్ పద్ధతిలో నడుస్తుంది కానీ అప్పుడు ఆ వేగం రాదు. ప్రోగ్రామ్ రాసే మనిషి, రేపు అతను ఉద్యోగం మారితే చూసుకునే మనిషి కావాలన్నదే దీని అసలు ఖర్చు. ఇంకొకటి, ఇంటెల్ కార్డుల మీద మొదటిసారి తగిలించేటప్పుడు క్యూలు మళ్లీ సర్దుకుంటాయి, లింక్ ఒకసారి పడి లేవొచ్చు. పగలు చేయకండి.

డీపీడీకే గురించి రెండు మాటలు చాలు. రూల్ పెట్టేముందు కార్డు ఒప్పుకుంటుందో లేదో అడిగి చూసే పద్ధతి దాని రూల్స్ భాగమైన ఆర్‌టీఈ ఫ్లోలో ఉంది, అది ముచ్చటైన విషయం. కానీ మెలనాక్స్ లాంటి కొన్ని తప్ప మిగతా కార్డులు కెర్నల్ చేతిలోంచి పూర్తిగా జారిపోతాయి. ఈథ్‌టూల్‌కి కనిపించవు, కెర్నల్ మీద నడిచే పీపీపీఓఈ సర్వర్‌కీ కనిపించవు. ఇప్పటికే డీపీడీకే మీద రౌటర్ నడుపుతుంటే తప్ప ఫిల్టర్ కోసమే అటు వెళ్లొద్దు.

పీపీపీఓఈ వైపు రూల్ ఎందుకు తగలదు

కస్టమర్ల వైపు పోర్ట్ మీద ఐపీ రూల్ పెట్టి పనిచేయట్లేదనే ఫిర్యాదు తరచూ వింటాను. అటు నుంచి వచ్చే ప్యాకెట్‌లో ఐపీ హెడర్ పీపీపీఓఈ పొర లోపల ఉంటుంది. ఈథర్‌టైప్ 8864 చూసి చాలా కార్డులు అక్కడితో ఆగిపోతాయి, లోపల ఏముందో చదవవు. రూల్ తగలకపోవడం ఒక్కటే కాదు, ట్రాఫిక్ అంతా ఒకే క్యూలోకి, ఒకే కోర్ మీదకి చేరడానికి కూడా ఇదే కారణం. ఇంటెల్ ఈ810 కార్డుకి టెలికాం వాళ్ల కోసం ఇచ్చే ప్యాకేజీ లోడ్ చేస్తే అది పీపీపీఓఈ లోపలికి చూడగలదు. ఆ కార్డు లేకపోతే, బయటి నుంచి వచ్చే దాడికి రూల్‌ని అప్‌స్ట్రీమ్ వైపు పోర్ట్ మీద పెట్టండి. కస్టమర్ వైపు తప్పనిసరైతే ఎక్స్‌డీపీలో ఆ ఎనిమిది బైట్లు దాటి చదివే నాలుగు లైన్లు రాయించుకోండి.

రీసెట్ అయ్యాక ఎవరు గుర్తుపెట్టుకుంటారు

రీబూట్ అయితే ఇందులో ఏదీ దానంతటది తిరిగి రాదు. వర్షాకాలంలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోయి, తెల్లవారుజామున సర్వర్ లేచినప్పుడు రూల్స్ పెట్టే స్క్రిప్ట్, బూట్‌లో ప్రోగ్రాములు నడిపే సిస్టమ్‌డీలో ఉండాలి, ఇంటర్‌ఫేస్ లేచాకే నడవాలి. ముందు ఉన్నవి తుడిచి, తర్వాత ఫైల్‌లో ఉన్నవి పెట్టి, చివర్లో సంఖ్య సరిపోయిందో చూసి, లేకపోతే ఫోన్‌కి మెసేజ్ పంపేలా రాయించండి. ఎన్‌టపుల్‌ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసినా కొన్ని ఇంటెల్ డ్రైవర్లలో రూల్స్ అన్నీ పోతాయి, అదీ గుర్తుంచుకోవాలి.

కార్డు రీసెట్ వేరు. ట్రాన్స్‌మిట్ ఆగిపోయి డ్రైవర్ తానే కార్డుని రీసెట్ చేసినప్పుడు, ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) మార్చినప్పుడు, చిప్‌లోని పట్టిక ఖాళీ అవుతుంది. మంచి డ్రైవర్ రూల్స్ కాపీ ఒకటి తన దగ్గర ఉంచుకుని మళ్లీ నింపుతుంది. ఐఎక్స్‌జీబీఈ చేసేది ఇదే. అయితే మీరు ఈథ్‌టూల్‌తో రూల్స్ చూపించమన్నప్పుడు కనిపించేది కూడా ఆ కాపీయే. చిప్‌లో ఉన్నది కాదు. నింపడంలో తేడా జరిగితే జాబితాలో రూల్ ఉంటుంది, కార్డులో ఉండదు. అందుకే కొత్త కెర్నల్ వేసిన ప్రతిసారీ ఎంటీయూ ఒకసారి మార్చి తిరిగి పెట్టి, పక్క మిషన్ నుంచి ఆ రూల్‌కి తగిలే ప్యాకెట్లు కొన్ని పంపి, మ్యాచ్ కౌంటర్ పెరిగిందో లేదో చూడండి.

డ్రైవర్ రాసేవాళ్లకి

మా జిల్లాల కాలేజీల్లో చదివి హైదరాబాద్, బెంగళూరులో చిప్ కంపెనీల డ్రైవర్లు రాస్తున్న కుర్రాళ్లు ఇదే ప్రశ్నని లోపలి వైపు నుంచి అడుగుతారు: పట్టికని ఎప్పటికప్పుడు చిప్ నుంచి చదవాలా, డ్రైవర్‌లో కాపీ ఉంచాలా? కాపీ ఉంచండి. హ్యాష్ రూపంలో దాచిన రూల్‌ని చిప్ నుంచి చదివి యూజర్ ఇచ్చిన రూపంలోకి తిప్పడం చాలాసార్లు కుదరదు, రీసెట్ అయితే చదవడానికి ఏమీ మిగలదు.

కాపీని ఏ రూపంలో ఉంచాలన్నది రూల్స్ సంఖ్యని బట్టి. పదుల్లో ఉంటే ఒక అర్రే, వాడిన గదులకి ఒక బిట్‌మ్యాప్. వేలల్లో ఉండి లొకేషన్ నంబర్‌తో వెతికేదైతే నంబర్ వరుసలో లింక్డ్ లిస్ట్ సరిపోతుంది. ఫ్లవర్ అయితే రూల్‌ని కుకీ అనే విలువతో గుర్తుపట్టాలి, దానికి హ్యాష్ టేబుల్ నయం. రెండు దారులూ ఇచ్చేటట్టయితే రెండు జాబితాలు పెట్టకండి. చిప్‌లో పట్టిక ఒకటే కాబట్టి ఒకే జాబితా పెట్టి, ఏ రూల్ ఎటు నుంచి వచ్చిందో గుర్తు రాయండి. లేదంటే ఒక దారి ఇంకో దారి గదిని చెరిపేస్తుంది. కెర్నల్ 5.1 నుంచి ఫ్లో రూల్ అనే ఉమ్మడి రూపం ఉంది, ఈథ్‌టూల్ రూల్‌ని కూడా అందులోకి మార్చే ఫంక్షన్ ఉంది. పార్సింగ్ ఒకసారి రాస్తే చాలు.

మొదట చిప్‌లో రాయండి, అది సఫలమయ్యాకే జాబితాలో చేర్చండి. ఈథ్‌టూల్ పిలుపు ఆర్‌టీఎన్ఎల్ లాక్‌తో (కెర్నల్ నెట్‌వర్క్ సెట్టింగుల ఉమ్మడి తాళం) వస్తుంది కదా అని ధీమాగా ఉండకండి. రీసెట్ పని వేరే వర్క్‌క్యూలోంచి రావొచ్చు, జాబితాకి సొంత లాక్ కావాలి. తిరిగి నింపేటప్పుడు ఒక రూల్ విఫలమైతే దాన్ని లాగ్‌లో రాసి మిగతావి కొనసాగించండి. 12వ క్యూకి పంపమన్న రూల్ ఉండగా యూజర్ క్యూలని 8కి తగ్గిస్తే ఏం చేస్తారో ముందే తేల్చుకోండి. నేనైతే తగ్గించడాన్నే తిరస్కరిస్తాను. చిప్ చేయలేని మాస్క్ వస్తే దగ్గరి మాస్క్‌తో సర్దకుండా ఎర్రర్ ఇచ్చి, ఫ్లవర్ దారిలో అయితే కారణం యూజర్‌కే కనిపించేలా ఎక్స్‌టాక్ సందేశం (ఎర్రర్‌తో పాటు వెళ్లే వివరణ) రాయండి.

ఎవరికి ఏది

చేతిలో ఎక్స్520 ఉండి, ఆపాల్సినవి పదో పదిహేనో ఐపీవీ4 రూల్స్ అయి, అన్నీ ఒకే మాస్క్‌లో ఇమిడితే ఎన్‌టపుల్ పెట్టి వదిలేయండి, కొత్త కార్డు అక్కర్లేదు. కస్టమర్లకి ఐపీవీ6 ఇస్తున్నా, దాడులు ఫ్రాగ్మెంట్లతో వస్తున్నా అదే ఎక్స్520 మీద ఎక్స్‌డీపీ వేయించుకోవడం చవక. ఎలాగూ 25 జీబీపీఎస్‌కి మారుతూ కార్డు కొంటుంటే ఫ్లవర్ సరిగ్గా నడిచేదే కొనండి. డబ్బు కట్టేముందు అమ్మేవాడి మిషన్ మీద మీకు కావాల్సిన రూల్‌నే 'స్కిప్ ఎస్‌డబ్ల్యూ'తో పెట్టి చూపించమనండి. రియల్‌టెక్ పోర్ట్ మీద ఐఎస్‌పీ నడుపుతుంటే, ఫిల్టర్ సంగతి తర్వాత, ముందు కార్డు మార్చండి.